దోహా ఎయిర్‌పోర్టు కథ: వచ్చే దారి, పోయే దారి

దోహాలో 'ఓల్డ్ ఎయిర్‌పోర్టు' అనే పేటకు మొదటిసారి వెళ్ళినవాళ్ళు బస్సు దిగగానే విమానం ఎక్కడుందని వెతుకుతారు. అక్కడ కనిపించేవి మలయాళీ హోటళ్ళు, మొబైల్ షాపులు, పిండిమర, లాండ్రీ. అరబీలో దాని పేరు మతార్ ఖదీమ్, అంటే పాత విమానాశ్రయం. తమాషా ఏమిటంటే, ఆ పక్కనున్న ఎయిర్‌పోర్టు 2014 దాకా పనిచేస్తూనే ఉంది. అది పనిచేస్తున్న రోజుల్లో కూడా ఆ పేటను 'ఓల్డ్' అనే పిలిచేవారు. మేము 2011లో వచ్చినప్పుడు, "పాతది ఇదైతే కొత్తది ఏది?" అని టాక్సీ డ్రైవరును అడిగాం. అతను సముద్రం వైపు చెయ్యి చూపించాడు. అక్కడ క్రేన్లు తప్ప ఇంకేమీ కనబడలేదు.

మేము ఇక్కడ ఒక కంపెనీ ఆఫీసులో గుమస్తాలం. ఇంటర్ చదివి, టైపు నేర్చుకుని వచ్చినవాళ్ళం. సెలవు దరఖాస్తులు, టికెట్లు, బతాకా రెన్యువల్ కాగితాలు మా బల్ల మీదుగానే పోతాయి. కాబట్టి క్యాంపులో ఉన్న మిత్రులకు ఎయిర్‌పోర్టుతో ఎంత పని ఉంటుందో, మాకూ అంతే పని. అందుకే ఈ వారం దాని చరిత్ర రాయాలనుకున్నాం. బిల్డింగు ఎంత ఎత్తు, రన్‌వే ఎంత పొడుగు అన్న వివరాలు కొంత చెబుతాం. కానీ మనకు అసలు కావలసింది వేరే ఉంది. ఆ గేటులోంచి ఎవరు పోగలిగారు, ఎవరిని అడిగి పోగలిగారు అన్నది.

విమానాల కన్నా ముందు ఇక్కడికి వచ్చినవి ఓడలు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే కంపెనీ ఓడలు బొంబాయి నుంచి బస్రా దాకా గల్ఫ్ రేవులన్నీ తిరుగుతూ టపా, సరుకు, మనుషులను మోసేవి. డబ్బులేనివాళ్ళకు డెక్కు మీదే ప్రయాణం. పరుపు, వంట సామాను వెంట తెచ్చుకుని అక్కడే పడుకోవాలి. వాటిలో 'దారా' అనే ఓడ 1961 ఏప్రిల్‌లో దుబాయి దగ్గర పేలుడు జరిగి మునిగింది. 238 మంది చనిపోయారు. చివరిదైన 'ద్వారకా' 1982 దాకా తిరిగింది.

ఖతర్‌లో దుఖాన్ దగ్గర చమురు పడింది 1939, 40 ప్రాంతంలో. రెండో ప్రపంచ యుద్ధం అడ్డం రావడంతో, మొదటి చమురు ఓడ బయల్దేరేసరికి 1949 డిసెంబరు చివరి రోజు అయింది. ఆ మరుసటి ఏడు, 1950లో, పక్కనున్న బహ్రెయిన్‌లో గల్ఫ్ ఏవియేషన్ అనే చిన్న విమాన కంపెనీ మొదలైంది. చిన్న విమానాలతో దోహా, షార్జా, దహ్రాన్‌లకు తిరిగేది. అదే తరువాత గల్ఫ్ ఎయిర్ అయింది. 1970ల్లో బహ్రెయిన్, ఖతర్, అబూధాబీ, ఒమన్ ప్రభుత్వాలు నాలుగూ కలిసి దాన్ని సొంతం చేసుకున్నాయి.

దోహా ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్టు 1959లో మొదలైంది. అప్పటికి ఖతర్ స్వతంత్ర దేశం కాదు. బ్రిటిష్ వాళ్ళ రక్షణ కింద ఉంది. 1971 సెప్టెంబరు 3న గానీ స్వాతంత్ర్యం రాలేదు. ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1959లో ఆ ఎయిర్‌పోర్టులో దిగినవాడు జేబులోంచి తీసేది రియాలు కాదు, రూపాయి! ఇక్కడ చెల్లుబాటయ్యేది మన రూపాయే. బంగారం దొంగరవాణా పెరిగి మన దేశపు విదేశీ మారకం కరిగిపోతోందని, సరిగ్గా ఆ ఏడే మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. వాటిని గల్ఫ్ రూపాయి అనేవారు. రంగు మార్చి వేశారు, మన ఊళ్ళో అవి చెల్లవు. 1966 జూన్‌లో ఇండియా రూపాయి విలువ తగ్గించినప్పుడు ఇక్కడివాళ్ళు ఆ రూపాయిని వదిలేసి ఖతర్-దుబాయి రియాలు పెట్టుకున్నారు. ఈ రోజు జీతం పడగానే "రేటెంత?" అని ఎక్స్ఛేంజి ముందు నిలబడుతున్నాం గదా, అప్పట్లో ఆ ప్రశ్నే లేదు.

మన జిల్లాలవాళ్ళు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది 1973లో చమురు ధర పెరిగిన తరువాత. ఈ దేశాల్లో రోడ్లు, ఇళ్ళు, ఆసుపత్రులు ఒక్కసారిగా లేచాయి. కరీంనగర్, నిజామాబాదు మేస్త్రీలు, కూలీలు అప్పటికే బొంబాయి, భివండీల్లో పనుల్లో ఉన్నారు. అక్కడినుంచి గల్ఫ్‌కు దారి పట్టుకున్నారు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలవాళ్ళదీ చాలామందికి బొంబాయి దారే. రైలు దిగి, ఏజెంటు చూపించిన గదిలో పది పదిహేను మంది కింద పడుకుని, వీసా కాగితం ఎప్పుడొస్తుందా అని వారాలు, నెలలు కాచుకున్న కథలు మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 1983లో మన దేశంలో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. చదువు తక్కువున్నవాడి పాస్‌పోర్టుకు క్లియరెన్సు కావాలన్నారు. ఆ చట్టంతో ఇటు రావడానికి ఒక గేటు అయింది. తిరిగి పోవడానికి ఇంకో గేటు ఇక్కడ ఉండనే ఉంది. దాని సంగతి కాస్త తరువాత.

ఖతర్ ఎయిర్‌వేస్ 1993 నవంబరులో పుట్టి, 1994 జనవరిలో ఎగరడం మొదలుపెట్టింది. 1997లో దాన్ని కొత్తగా తీర్చిదిద్దారు. 2002లో ఖతర్ గల్ఫ్ ఎయిర్ భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. అక్కడినుంచి విమానాలు పెరిగాయి. కానీ ఎయిర్‌పోర్టు ఆ ఇరుకులోనే ఉంది. రన్‌వే మాత్రం తక్కువది కాదు, 4,570 మీటర్లు. పౌర విమానాశ్రయాల్లో ప్రపంచంలోనే పొడవైన వాటిలో ఒకటి. టెర్మినలే చిన్నది. ఏడాదికి 1 కోటీ 20 లక్షల మందికి సరిపోయే చోట, చివరి సంవత్సరాల్లో 2 కోట్లు దాటిన జనం దిగి ఎక్కారు.

ఆ పాత ఎయిర్‌పోర్టులో దిగినవాళ్ళకు బస్సు గుర్తుండే ఉంటుంది. విమానం తలుపుకు వచ్చి అంటుకునే వంతెన ఒక్కటి కూడా లేదు. మెట్లు దిగి బస్సెక్కాలి. బయటకు కాలు పెట్టగానే ఆగస్టు అర్ధరాత్రి కూడా కుంపటి దగ్గర నిలబడినట్టు మొహానికి సెగ కొట్టేది. "ఇంజన్ వేడి అనుకున్నాం, అది ఊరి వేడి" అని మాతో వచ్చిన ఒక పెద్దాయన అన్నమాట ఇప్పటికీ మా ఆఫీసులో చెప్పుకుంటాం. 2006 డిసెంబరులో ఏషియన్ గేమ్స్ వచ్చాయి. ఆ ఏడే ఫస్ట్ క్లాసు, బిజినెస్ క్లాసు వాళ్ళకు వేరే టెర్మినల్ కట్టారు. వాళ్ళ తలుపు వేరు, మన తలుపు వేరు అయింది. మన తలుపు దగ్గర కార్టన్లు, నైలాన్ తాళ్ళు, వాటి మీద మార్కర్‌తో రాసిన పేరు, ఊరు, మండలం, జిల్లా.

అన్నట్టు, ఇదే కాలంలో మన ఊరి వైపు గేటు కూడా మారింది. 2008 మార్చి 23న బేగంపేట మూసి, శంషాబాదు తెరిచారు. అప్పటిదాకా సాగనంపడానికి జీపుల్లో వచ్చిన ఇంటిల్లిపాదీ బేగంపేట రోడ్డు మీద నిలబడి ఏడ్చేవాళ్ళు. ఆ తరువాత శంషాబాదు రాంపు మీద ఏడుస్తున్నారు.

ఇప్పుడు పోయే దారి సంగతి.

వీసా మీద రావడం ఎంత కష్టమో మనకు తెలుసు. కానీ ఖతర్ నుంచి పోవడానికి కూడా ఒక కాగితం కావలసి వచ్చేది. అదే ఎగ్జిట్ పర్మిట్. చేతిలో పాస్‌పోర్టు ఉండవచ్చు, టికెట్ ఉండవచ్చు, సెలవు మంజూరై ఉండవచ్చు. కఫీల్ ఒప్పుకుని ఆ పర్మిట్ ఇవ్వకపోతే ఇమిగ్రేషన్ కౌంటరు దాటలేరు. 2009 నాటి 4వ నంబరు చట్టం దీన్ని స్పష్టంగా రాసింది. అంతకుముందు కూడా కఫీల్ అనుమతి పద్ధతి ఉన్నదే.

ఆ పర్మిట్లు తీసే పని మా ఆఫీసుల్లోనే జరిగేది. కంపెనీ స్మార్ట్ కార్డు కంప్యూటర్‌లో పెట్టి, మనిషి బతాకా నంబరు కొట్టి, తారీఖులు వేసి, ప్రింటు తీయాలి. అయిదు నిమిషాల పని. కానీ ఆ కార్డు గుమస్తా దగ్గర ఉండదు. మందూబ్ దగ్గరో, సంతకం చేసే పెద్దమనిషి దగ్గరో ఉంటుంది.

2012లో ఒక గురువారం సాయంత్రం జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన మా దగ్గరికి పరుగున వచ్చాడు. తండ్రి పోయాడని ఫోను. తోటివాళ్ళు చందాలు వేసి రాత్రి విమానానికి టికెట్ తీశారు. మాకున్న కార్డు మందూబ్ దగ్గర ఉంది. మందూబ్ ఫోను ఎత్తలేదు. సంతకం చేసే ఆయన దేశంలో లేడు. మరునాడు శుక్రవారం, ఆ మరునాడు శనివారం, రెండూ సెలవులు. మేము ముగ్గురం రాత్రి పదకొండు దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఆయన ఊరుకోలేక ఎయిర్‌పోర్టుకు పోయాడు, ఎవరైనా దయ తలుస్తారేమోనని. కౌంటరు దగ్గర తిప్పి పంపారు. తెల్లవారి క్యాంపుకు వచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. ఊళ్ళో దహనం అయిపోయిందని మధ్యాహ్నానికి ఫోను వచ్చింది. ఆదివారం పొద్దున మందూబ్ ఆఫీసుకు వచ్చి, "నిన్ననే చెప్పొచ్చు గదా" అన్నాడు. పర్మిట్ అయిదు నిమిషాల్లో వచ్చింది. అప్పటికి దానితో పని లేదు.

మేమేం చేయగలిగాం అని మాకు మేము చెప్పుకుంటూనే ఉంటాం. కార్డు మా చేతిలో లేదు, అది నిజమే. కానీ అలా లేకపోవడం అంతకుముందు ఎన్నో పండగల సెలవుల్లో మాకు హాయిగానే ఉండేది. "మా చేతిలో లేదు" అని తప్పించుకోవచ్చు గదా! ఆ మాట ఆ గురువారం తరువాత మళ్ళీ అంత తేలిగ్గా నోటికి రాలేదు.

ఇదిలా ఉండగా సముద్రం వైపు క్రేన్లు పనిచేస్తూనే ఉన్నాయి. కొత్త ఎయిర్‌పోర్టుకు పథకం వేసింది 2003 ప్రాంతంలో. అమెరికా కంపెనీ బెక్టెల్ పర్యవేక్షణ. మొత్తం స్థలం సుమారు 22 చదరపు కిలోమీటర్లు. అందులో 60 శాతం దాకా సముద్రాన్ని పూడ్చి తీసిన నేల. అంతేకాదు, ఆ చోట దోహా ఊరి పాత చెత్తదిబ్బ ఉండేది. లక్షల ఘనపు మీటర్ల చెత్తను ముందు తవ్వి తరలించి, తరువాత నేల చదును చేశారు. ఇప్పుడు మెరిసే పాలరాయి మీద నడుస్తున్నప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు. ప్రయాణికుల టెర్మినల్‌ను తుర్కీ కంపెనీ టావ్, జపాన్ కంపెనీ తైసే కలిసి కట్టాయి. వాటి కింద సబ్ కాంట్రాక్టర్లు, వాటి కింద సప్లయి కంపెనీలు. ఆ చివరి మెట్టు మీద మనవాళ్ళు, నేపాలీలు, బంగ్లాదేశీలు. సరియా కట్టినవాళ్ళు, షట్టరింగు చేసినవాళ్ళు, డక్టులో పడుకుని ఏసీ బిగించినవాళ్ళు ఈ పత్రిక చదువుతున్నవారిలోనే ఉన్నారు. "ఆ గోడ లోపల నా స్క్రూడ్రైవర్ ఉండిపోయింది" అని ఒక ఎలక్ట్రీషియన్ మాతో అన్నాడు. ఖర్చు 1,500 కోట్ల డాలర్లకు పైనే.

2009 ప్రాంతంలో తెరుస్తామన్నది జరుగుతూ జరుగుతూ వెనక్కు పోయింది. 2013 ఏప్రిల్ 1న ప్రారంభం అని ప్రకటించి, సరిగ్గా ముందు రోజు ఆపేశారు. ఏప్రిల్ ఫూల్ అని అందరూ నవ్వుకున్నారు. చివరికి 2014 ఏప్రిల్ 30న పది విమాన కంపెనీలతో తెరిచి, మే 27న ఖతర్ ఎయిర్‌వేస్‌తో సహా మిగతా అన్నిటినీ మార్చారు. పాతది ఆ రాత్రితో నిశ్శబ్దమైంది. కొత్తదానికి 2013 జూన్‌లో గద్దె దిగిన అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ పేరు పెట్టారు. పెద్ద ఆసుపత్రికీ హమద్ పేరే కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళు టాక్సీలో ఉత్త 'హమద్' అనకండి. ఎయిర్‌పోర్టుకు బదులు ఎమర్జెన్సీ వార్డు దగ్గర దిగుతారు.

అక్కడి రన్‌వేలు రెండు. పొడవైనది 4,850 మీటర్లు, రెండోది 4,250. 2014లో తెరిచినప్పుడు టెర్మినల్ 6 లక్షల చదరపు మీటర్లు. నడిమధ్య పసుపుపచ్చ ఎలుగుబంటి ఒకటి, నెత్తిలోంచి దీపం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. 7 మీటర్ల ఎత్తు. ఉర్స్ ఫిషర్ అనే స్విట్జర్లాండ్ శిల్పి చేసినది. 2011లో న్యూయార్కు వేలంలో 68 లక్షల డాలర్లు పలికింది. గుమస్తా బుద్ధి గదా, లెక్క వేశాం. 2021 మార్చి నుంచి అమలైన కనీస బేసిక్ జీతం నెలకు 1,000 రియాళ్ళు. ఆ జీతం మొత్తం ఒక్క రియాలు తినకుండా దాచినా, ఆ ఎలుగుబంటిని కొనడానికి 2,000 ఏళ్ళు దాటుతుంది. అయినా దాని ముందు నిలబడి ఫోటో తీసి ఇంటికి పంపనివాడు మా క్యాంపులో లేడు. ఫోటోకు రుసుము లేదు.

కొత్త బిల్డింగు వచ్చింది గానీ, ఎగ్జిట్ పర్మిట్ అలాగే ఉంది. కొత్త కౌంటరులోనూ అదే ప్రశ్న. 2015 నాటి 21వ నంబరు చట్టం 2016 డిసెంబరు 13 నుంచి అమలైంది. కఫీల్ కాదంటే ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కమిటీ వచ్చింది. అసలు మార్పు 2018లో. ఆ ఏటి 13వ నంబరు చట్టం అక్టోబరు 28 నుంచి అమలై, కార్మిక చట్టం కిందికి వచ్చే చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. అయితే కంపెనీ తన సిబ్బందిలో 5 శాతానికి మించకుండా కొందరికి, వాళ్ళ పని దృష్ట్యా, ముందస్తు అనుమతి కావాలని పేర్లు ఇవ్వవచ్చు. మీ పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఆఫీసులో అడగండి. అడగడం మీ హక్కు. ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్ళకు, ఆడవాళ్ళకు 2020 జనవరిలో ఇది వర్తించింది. వాళ్ళు 72 గంటల ముందు యజమానికి తెలియజేయాలన్నారు. గోదావరి, కడప జిల్లాల నుంచి ఇళ్ళపనికి వచ్చిన అక్కచెల్లెళ్ళకు ఈ ముక్క చదివి వినిపించండి. ఇంకొక మాట: పర్మిట్ లేకపోయినా, బ్యాంకు అప్పు, చెక్కు కేసు ఉంటే ట్రావెల్ బ్యాన్ పడుతుంది. అది కౌంటరు దగ్గర తెలిస్తే టికెట్ డబ్బు పోయినట్టే. మెట్రాష్‌లో ముందే చూసుకోవాలి.

ఆ తరువాతి సంగతులు మీకు గుర్తున్నవే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దారులు మూసినప్పుడు షార్జా, దుబాయి, బహ్రెయిన్ మీదుగా పోయే చవక టికెట్లు ఒక్కరోజులో మాయమయ్యాయి. మస్కట్, కువైట్ మీదుగా తిరిగి పోవలసి వచ్చింది. అది 2021 జనవరిలో సర్దుకుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి సనాయాలో కొన్ని వీధులు మూసేశారు. ఆ నెలాఖరుకు మన దేశం అంతర్జాతీయ విమానాలు ఆపింది. ఎగ్జిట్ పర్మిట్ పోయి ఏడాదిన్నర కాకుండానే, కాగితం అక్కర్లేకుండానే అందరం ఆగిపోయాం. మే నుంచి వందేభారత్ విమానాలు నడిచాయి. ఎంబసీలో పేరు రాయించుకుని, ఫోను పక్కన పెట్టుకుని పడుకున్న రాత్రులు అవి. 2022లో వరల్డ్ కప్ వచ్చినప్పుడు మూసిన పాత ఎయిర్‌పోర్టును సెప్టెంబరు 15 నుంచి కొన్ని నెలలు మళ్ళీ తెరిచారు. మావాళ్ళలో ఇద్దరు పనిగట్టుకుని అక్కడినుంచి టికెట్ తీశారు, మళ్ళీ ఆ బస్సు ఎక్కుదామని. 2025 జూన్ 23 సాయంత్రం క్షిపణుల భయంతో ఆకాశం మూసినప్పుడు, కొన్ని గంటలపాటు విమానాలన్నీ ఆగిపోయాయి.

హమద్ ఎయిర్‌పోర్టు నుంచి 2024లో 5 కోట్ల 27 లక్షల మంది రాకపోకలు సాగించారు. ఎక్కువమంది దోహా ఊరు చూడనివాళ్ళే, ఒక విమానం దిగి ఇంకొకటి ఎక్కేవాళ్ళు. మనవాళ్ళు కొందరు ఆ లెక్కలోకి రారు. వాళ్ళు కార్గో వైపు నుంచి పోతారు. ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, ఎంబసీ ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు, వెంట పోయే మనిషికి టికెట్. ఈ ఫైలు కూడా మేమే కడతాం. 2018కి ముందైనా, తరువాతైనా, కాగితాలన్నిటిలోకీ చకచకా కదిలేది ఈ ఫైలే. ఆ మాట రాయకుండా ఉండలేకపోయాం.

2019 డిసెంబరులో మెట్రో రెడ్ లైను ఎయిర్‌పోర్టు దాకా వచ్చింది. 2 రియాళ్ళు. కార్టన్ ఉంటే మాత్రం అయిదారుగురు కలిసి కంపెనీ పికప్పో, తెలిసినవాళ్ళ కారో చూసుకోవడమే మేలు.

పోయిన నెల ఆ జగిత్యాల మేస్త్రీ సెలవు మీద పోయాడు. కూతురి పెళ్ళి. రెండు రోజుల ముందు మా బల్ల దగ్గరికి వచ్చి, "ఎగ్జిట్ కాగితం తీసిండ్రా సారూ?" అన్నాడు. "అది ఎప్పుడో తీసేశారన్నా, ఇన్నిసార్లు పోయి వచ్చావు గదా, నీకు తెలుసు" అన్నాం. "తెలుసు సారూ" అన్నాడు, కానీ కదల్లేదు. కాసేపు నిలబడి, "ముద్ర ఉన్న కాగితం ఏదన్న ఒకటి ఇయ్యిండ్రి, చేతిల ఉంటె ధైర్యం" అన్నాడు. సెలవు మంజూరు లెటరు ఇంకొక కాపీ తీసి, కంపెనీ ముద్ర రెండు చోట్ల గట్టిగా వేసి ఇచ్చాం. దాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టు కవర్లో దోపుకున్నాడు. కౌంటరు దగ్గర ఎవరూ అడగలేదట. శంషాబాదులో దిగి ఫోను చేసి చెప్పాడు.